కాటన్ సెక్షన్ ఫ్లోరా

మా షాపులో ఎవరికీ ఇంటిపేర్లుండవు. పట్టు సెక్షన్ కామేశ్వరి, ఫ్యాన్సీ సెక్షన్ ధనలక్ష్మి, కాటన్ సెక్షన్ ఫ్లోరా. నేను క్యాష్ గురునాథరావుని. ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉన్న చీరల షాపు మాది. పేరు చెప్పను. యజమాని నాకింకా జీతం ఇస్తున్నాడు.

ఫ్లోరా మా దగ్గర పదిహేనేళ్ళకు పైగా నిలబడింది. పనిచేసింది అనకుండా నిలబడింది అని కావాలనే రాస్తున్నాను. మా షాపులో చీరలు చూపించేవాళ్ళు కూర్చోకూడదు. కస్టమర్లు ఎగబడుతున్నా సరే, వానకి ఒక్క మనిషీ రాక ఈగలు తోలుకుంటున్నా సరే, షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా నిలబడే ఉండాలి. కుర్చీలు కొనడానికి వచ్చినవాళ్ళకున్నాయి, యజమానికుంది, డబ్బు దగ్గర ఉంటాను కాబట్టి నాకొకటుంది. మిగతావాళ్ళకి కాళ్ళున్నాయి కదా అన్నట్టుంటుంది మా యజమాని ధోరణి.

ఫ్లోరాది కూర్మన్నపాలెం. తండ్రి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేసి పోయాడు. తల్లి అప్పలమ్మ మంచాన పడి, కూతురిచేత సేవ చేయించుకుని, రెండేళ్ళ కిందట పోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "టైమ్ దొరకలేదండి" అని నవ్వేసేది. ఆదివారం చర్చిలో క్వయర్‌లో పాడేది. అక్కడ అంత పెద్ద గొంతు ఉన్న మనిషి షాపులో మాత్రం చీర మడతలకి వినపడితే చాలన్నట్టు మాట్లాడేది.

ఒకరోజు మధ్యాహ్నం బేరాల్లేని వేళ నా కౌంటర్ దగ్గరకొచ్చి నిలబడింది.

"బాబాయ్, కూకుని సేసే పనులేటుంటాయి?"

"నాదొకటుందమ్మా. నాను పోతే గానీ ఖాళీ అవదు. ఏం, ఏటైంది?"

చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి చూపించింది. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బిపోయి ఉన్నాయి. "డాట్రుగారు నిలబడ్డం మానీమన్నారు. మానకపోతే పుండ్లు పడతాయంట," అంది. అదేదో చీర ధర చెప్పినట్టు చెప్పింది. నలభై దాటిన మనిషి, ప్రైవేటుగా కట్టి పాసైన బీఏ, తెలుగు మీడియం. కూర్చోబెట్టి జీతం ఇచ్చేవాడు ఎక్కడ దొరుకుతాడు?

మా వీధి నిండా కోచింగ్ సెంటర్లే. ఏ మేడ చూసినా, మేడ మీద ఏ అంతస్తు చూసినా, నవ్వుతున్న కుర్రాళ్ళ ఫొటోలు, వాళ్ళకొచ్చిన ఉద్యోగాలు. అందులో ఒకటి మా షాపుకి సరిగ్గా ఎదురుగా ఉంది. "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏ డిగ్రీ అయినా చాలు" అని బోర్డు. పదిహేనేళ్ళుగా కాటన్ సెక్షన్‌లో నిలబడి ఎదురుగా చూస్తున్న మనిషికి ఆ బోర్డు కనబడకుండా ఎలా ఉంటుంది? నేను మాత్రం గట్టిగానే చెప్పాను, ఆ బోర్డుల్ని నమ్మి మునిగినవాళ్ళే గానీ తేలినవాళ్ళని చూడలేదని. ఆవిడ తల ఊపింది. మర్నాటి నుంచి షాపు తెరవకముందే ఆ మేడ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

టెస్టింగ్ అంటే ఏమిటో ఫ్లోరా నాకు చాలాసార్లు చెప్పింది. నాకర్థమైనంతలో, ఒకరు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. అది జనం చేతికి వెళ్ళకముందే ఇంకొకరు దాన్ని అటూ ఇటూ నొక్కి, తిక్కతిక్కగా వాడి, ఎక్కడ చెడుతుందో కనిపెట్టాలి. దొరికిన తప్పుని కంప్యూటర్లో అందరూ చూసే చోట రాసి పెట్టాలి. తయారుచేసినవాళ్ళు దాన్ని సరిచేస్తారు. అంతే. తప్పులు పట్టే ఉద్యోగం. మా యజమాని ఈ పని పైసా తీసుకోకుండా చేస్తాడు.

క్లాసులో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. ఈవిడని ఆంటీ అనేవారు. చెడ్డగా అనేవారు కాదు, మర్యాదగానే అనేవారు, అందుకే ఏమనడానికీ ఉండేది కాదట. నలుగురేసి జట్టుగా చేసే పని ఇచ్చినప్పుడు పిల్లలు పిల్లలు కలిసిపోయేవారు. చివరికి ఈవిడ మిగిలిపోయేది. "ఆంటీ, మీరు ఒక్కరే ఒక టీమ్ అనుకోండి" అన్నాడట చెప్పే ఆయన. నవ్వుతూ చెప్పింది నాకు. నాకు నవ్వు రాలేదు.

కోర్సు ఒకసారి అయింది. సరిపోలేదని రెండోసారి కూడా కూర్చుంది. నేర్చుకున్నది ఎక్కడో ఒకచోట చేసి చూడాలి కదా, దొరికింది నా బిల్లింగ్ కంప్యూటరు. "బాబాయ్, సీరలు సున్నా అని కొట్టి బిల్లు తియ్యండోసారి," అంది. అది ఆషాఢం సేల్ జోరుగా నడుస్తున్న రోజు. నా బుద్ధి గడ్డి తిని కొట్టాను. కంప్యూటరు బిగుసుకుపోయింది. గుమ్మందాకా జనం, యజమాని చూపు నామీద. ఫ్లోరా మాత్రం ఆ గడ్డకట్టిన తెరవైపు చూస్తూ చిన్నపిల్లలా వెలిగిపోయింది. తిట్లు నాకు పడ్డాయనుకోండి.

ఇంటర్వ్యూల సంగతి ఎక్కువ రాయను. ఫోన్లో బీటెక్ ఏ సంవత్సరం అని అడిగేవారు, కాదండి బీఏ అనేది, మళ్ళీ చేస్తామనేవారు. ఆవిడ నమ్మేది. చాలాకాలానికి ఒక చిన్న కంపెనీ ఆర్నెల్ల ట్రయల్ మీద తీసుకుంది. తక్కువ జీతానికి ఒప్పుకుంది కాబట్టి తీసుకున్నారని నా అభిప్రాయం. దేవుని కృప అని ఆవిడ అభిప్రాయం. రెండూ నిజమే అయ్యుండొచ్చు. వెళ్ళిపోయే రోజు మేము కేకు కోశాం, ధనలక్ష్మి ఏడ్చింది, యజమాని ఒక చీర పెట్టాడు. పట్టు సెక్షన్ వైపు వెళ్తాడేమోనని అందరం చూశాం. కాటన్‌దే పెట్టాడు.

ఆ కంపెనీ వాళ్ళది క్లినిక్కుల్లో డాక్టరుని చూడటానికి ఫోన్లోనే టోకెన్ తీసుకునే సాఫ్ట్‌వేర్. ఆఫీసు హైదరాబాద్‌లో ఎక్కడో ఉందట గానీ ఎవరూ వెళ్ళరు. ఎవరింట్లో వాళ్ళు పనిచేస్తారు. ఫ్లోరా తనుండే ఒక్క గది వాటాలో కిటికీ పక్కన బల్ల వేసుకుంది, మెత్త ఉన్న కుర్చీ ఒకటి కొనుక్కుంది. కిటికీ తెరిస్తే పక్కవాళ్ళ ప్రహరీ గోడ. మొదటిరోజు పొద్దుట వీడియో కాల్‌లోకి మేనేజరు సాయిశంకర్ వచ్చి గుడ్ మార్నింగ్ అనగానే ఈవిడ చటుక్కున లేచి నిలబడింది. కెమెరాలో మొహం పోయి చీర కుచ్చిళ్ళు మాత్రం మిగిలాయి.

"మేడం, మీరు కనిపించట్లేదు," అన్నాడట అతను.

"ఇక్కడే ఉన్నాను సార్."

"కూర్చోండి మేడం, కూర్చునే మాట్లాడొచ్చు."

ఉద్యోగంలో ఆవిడని కూర్చోమన్న మొదటి మనిషి ఆ సాయిశంకరే. వయసులో చాలా చిన్నవాడు. మర్యాదగా, పుస్తకం చదివినట్టు మాట్లాడతాడు, సగం ఇంగ్లీషు. ఆ రోజు తర్వాత కెమెరాలు ఎవరూ పెట్టలేదు. తెరమీద గళ్ళు, గళ్ళలో పేర్లు. మాట వచ్చినప్పుడు ఆ గడి చుట్టూ వెలుగు వస్తుందట. కాల్ అయిపోతే గళ్ళన్నీ పోతాయి.

షాపులో మా యజమాని తిట్టినా ఆ తిట్టుకో మొహం ఉండేది. అటు తిరిగాక ధనలక్ష్మి ఆయన్ని అనుకరించి నవ్వించేది. షట్టరు దించేముందు విప్పిన చీరలన్నీ మడతపెట్టడానికి ఇద్దరేసి కావాలి. ఒకరు కొంగు పట్టుకుంటే ఒకరు అంచు పట్టుకుని దగ్గరకొచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరకొచ్చి, ఆ మధ్యలో ఊళ్ళో కబుర్లన్నీ అయిపోయేవి. ఫ్లోరా, ధనలక్ష్మి ఎప్పుడూ ఒక జంట. ఇప్పుడు ఫ్లోరా దుప్పటి మడతపెట్టాలన్నా ఒక కొస గడ్డం కింద నొక్కి పట్టుకోవలసిందే.

చర్చిలో ఇంకో తమాషా జరిగింది. ఇంట్లో ఉంటోంది అన్న ఒక్క ముక్కే జనానికి అర్థమైంది. "సిస్టర్ ఫ్లోరా ఉద్యోగం లేక ఇంట్లో ఉంటున్నారు, ప్రభువు ఆమెకొక ద్వారం తెరవాలని ప్రార్థన చేద్దాం" అని పాస్టరుగారు ఆదివారం అందరినీ కళ్ళు మూసుకోమన్నారట. అంతకుముందు ఆయనకి రెండుసార్లు వివరంగా చెప్పింది, ల్యాప్‌టాప్, క్లినిక్కులు, టోకెన్లు అన్నీ. ఇక మూడోసారి చెప్పడానికి ఓపిక లేక తనూ కళ్ళు మూసుకుని ఆమెన్ అందట.

ధనలక్ష్మితో కూడా అంతే అయింది. మొదట్లో రోజూ మాట్లాడుకునేవారు. ఫ్లోరా తన పని గురించి చెబితే ధనలక్ష్మికి అర్థమయ్యేది కాదు, షాపు గురించి ధనలక్ష్మి చెబితే ఫ్లోరాకి ఏడుపొచ్చేది. ఒకరోజు ధనలక్ష్మి, రోజంతా నిలబడి బస్సులో కూడా నిలబడే వెళ్తూ, "నీకేటే తల్లీ, ఇంట్లో కూకుని జీతం తీసుకుంతన్నావు" అందట. తప్పేం అనలేదు. ఉన్నమాటే అంది. దాంతో ఫ్లోరా సాయంత్రాలు ఫోన్ చెయ్యడం తగ్గించేసింది.

మా షాపులో ఇంకో నియమం ఉంది. అమ్మేవాళ్ళ ఫోన్లన్నీ పొద్దున్నే నా సొరుగులో పెట్టేయాలి. ఒక మధ్యాహ్నం సొరుగులో ధనలక్ష్మి ఫోను మోగింది. తీసి చూస్తే ఫ్లోరా పేరు. మరిచిపోయి చేసుంటుందనుకున్నాను. మర్నాడూ మోగింది. ఆ తర్వాతి రోజూ, అదే బేరాల్లేని వేళ. విసుగొచ్చి ఎత్తాను.

"అమ్మా ఫ్లోరా, నాను గురునాథరావు బాబాయ్‌ని. ధనలక్ష్మి ఫోను నా సొరుగులో ఉంటాదని నీకు తెల్దేటి?"

"తెలుసు బాబాయ్."

"తెలిసీ ఎందుకు సేత్తన్నావు?"

"మోగితే షాపులో మోగుతాది కదా అని," అంది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరిమీద అంటే చెప్పలేను. ఆ కంపెనీ మీద, కుర్చీ వెయ్యని మా యజమాని మీద, ఆ ఉబ్బిన నరాల మీద. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, కాల్ కట్ చెయ్యకుండా అలాగే కౌంటర్ మీద పెట్టి నా బిల్లులు నేను కొట్టుకున్నాను. కామేశ్వరి ఎవరికో కంచి అంచు గురించి చెబుతోంది, ఒక చంటిపిల్ల ఏడుస్తోంది, ధనలక్ష్మి మెట్లమీంచి ఇంకో రంగు అందించమని కేకేస్తోంది. కాసేపయ్యాక చూస్తే ఫ్లోరా అవతల ఇంకా వింటూనే ఉంది. "ఇకనుంచి నా నంబరుకి సెయ్యమ్మా," అన్నాను. అలా ఆవిడ సంగతులన్నీ నాకు తెలియడం మొదలైంది.

ట్రయల్ చివరికొచ్చింది. పని బాగానే చేస్తోందని సాయిశంకర్ అన్నాడట, పర్మినెంట్ చేస్తారని ఆశ. చెయ్యకపోతే ఏమిటన్నది నేనూ ఆలోచించాను. ఆవిడ సెక్షన్‌లో సాయిదుర్గ అనే అమ్మాయి చేరిపోయింది. అయినా మాటవరసకి యజమానిని కదిపి చూశాను. వెళ్ళినవాళ్ళని మళ్ళీ తీసుకుంటే ఉన్నవాళ్ళకి అలుసైపోతామన్నాడు. తీసుకున్నా ఏం లాభం? ఆ కాళ్ళతో ఇంకెన్నాళ్ళు నిలబడుతుంది? ఆ కుర్చీ తప్ప ఆవిడకి వేరే దారి లేదు.

ఇక్కడ మా వ్యాపారంలోని ఒక పద్ధతి చెప్పాలి. చీర విప్పి చూపిస్తుండగా ఎక్కడో పోగు లేచిపోయిందో, చిన్న మరక ఉందో అమ్మేవాళ్ళకి కనబడుతుంది. అప్పుడు అయ్యో అనకూడదు. మొహం కూడా మార్చకూడదు. ఆ మడత లోపలికి తిప్పేసి, "ఇది మీ ఒంటికి నప్పదమ్మా, ఇంకోటి చూపిస్తా" అని ఆ చీర పక్కన పెట్టేయాలి. కొనేవాళ్ళు మెట్లు దిగాక యజమాని దగ్గరకెళ్ళి, "బాబూ, ఒక చిన్న మాట" అని చెవిలో చెప్పాలి. ఆయన ఆ చీర తీసి నేతవాళ్ళకి తిప్పి పంపిస్తాడు. కస్టమరుకి మోసం లేదు, షాపు పరువూ పోలేదు. నలుగురి ముందూ "ఇందులో డ్యామేజ్ ఉంది" అని అరిచిన అమ్మాయి మా దగ్గర వారం నిలవదు. కొత్తగా చేరినవాళ్ళకి ఇది నేర్పే పని ఎప్పుడూ ఫ్లోరాదే.

ట్రయల్ చివర్లో ఒక శుక్రవారం పెద్ద కాల్. సాఫ్ట్‌వేర్ కొనుక్కున్న క్లినిక్కుల డాక్టర్లు కూడా వచ్చారు. కొత్తగా చేసిన మార్పులు వాళ్ళకి చూపించి, వాళ్ళు సరేనంటే సాయంత్రానికి జనం ఫోన్లలోకి వదిలేయాలి. సరిగ్గా ఆ పొద్దున్నే ఫ్లోరాకి ఒక తప్పు దొరికింది. ఒకే ఫోను నంబరు మీద ఇంట్లో ఇద్దరికి టోకెన్లు తీసుకుంటే, రెండోది రాగానే మొదటిది మాయమైపోతోంది. రాసి పెట్టాల్సిన చోట రాయబోయింది. ఆ చోటు డాక్టర్లకి కూడా కనబడుతుంది. ఆగిపోయింది.

కాల్‌లో సాయిశంకర్ అన్నీ చూపించాడు. డాక్టర్లు బాగుంది బాగుంది అన్నారు. చివర్లో అతను, "ఫ్లోరా గారూ, మీ వైపునుంచి అంతా ఓకేనా?" అని అడిగాడు. ఈవిడ మనసులో మడత లోపలికి తిరిగిపోయింది. "ఓకే సార్," అంది.

డాక్టర్లు వెళ్ళేదాకా ఆగింది. వాళ్ళు మెట్లు దిగగానే చెబుదామని. డాక్టర్లు వెళ్ళిపోయారు. కానీ ఆ క్షణంలోనే సాయిశంకర్ కూడా వెళ్ళిపోయాడు, మిగతా గళ్ళూ వెళ్ళిపోయాయి. తెరమీద ఈవిడ పేరు ఒక్కటే మిగిలింది. చెప్పడానికి చెవి లేదు. షాపులో బేరం అయ్యాక మనుషులుంటారు. ఇక్కడ బేరంతో పాటే షాపు కూడా లేచి వెళ్ళిపోయింది.

అతనికి మెసేజ్ పెట్టింది. "సార్, ఒక చిన్న మాట. మీకు వీలైనప్పుడు." మా షాపులో ఆ మూడు ముక్కలంటే యజమాని భోంచేస్తున్నా చెయ్యి కడుక్కుని వస్తాడు. సాయిశంకర్ బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. ఏదో సెలవు అడుగుతోందనుకున్నాడట. ఈవిడేమో వస్తాడు కదా అని ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. చీకటి పడింది. సాఫ్ట్‌వేర్ జనం ఫోన్లలోకి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున క్లినిక్కుల్లో గోలైపోయింది. మొగుడూ పెళ్ళాం కలిసి వస్తే ఒకరికే టోకెను. తల్లినీ పిల్లనీ తీసుకొస్తే తల్లికి లేదు. ముసలివాళ్ళు తమ పేరు పిలుస్తారని కూర్చుని కూర్చుని, చివరికి పేరే లేదంటే కౌంటర్ల మీద విరుచుకుపడ్డారట. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"నిన్ననే సెప్పీకపోనావేటి, అందరి ముందూ?" కసిరాను.

"డాట్రుల ముందా బాబాయ్? సాయిశంకర్ సార్ పరువేటవుతాది?"

ఆవిడ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. మా షాపులో ఎవరైనా అదే చేస్తారు. "పోనీ ఫోన్ సేసి సెప్పాల్సింది కదమ్మా," అన్నాను.

"మేనేజరుకి పని అయిపోనాక ఫోన్ ఎలా సేత్తాను బాబాయ్? మన యజమానికి ఇంటికి ఫోన్ సేసినామా ఎప్పుడైనా?" అని, "ఉద్యోగం పోయినట్టే," అంది. ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేదట. వెళ్తే ఉద్యోగం కోసం ప్రార్థన చేస్తారు, ఈసారి అది తట్టుకోలేననుకుందట.

సోమవారం మధ్యాహ్నం కాల్. హైదరాబాద్ నుంచి పైవాళ్ళు ఇద్దరు అందులోకి వచ్చారు. టెస్టింగ్‌లో ఇది ఎందుకు దొరకలేదని ఇంగ్లీషులో అడిగారు. దొరకలేదని చెప్పి ఊరుకోవచ్చు. అందరికీ అప్పుడప్పుడూ తప్పిపోతుంటాయట, పెద్ద నేరం కాదట. ఫ్లోరా కుర్చీలోంచి లేచి నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషులో, దొరికింది, నేనే చెప్పలేదు, తప్పు నాదే అంది. కెమెరా లేదు కాబట్టి నిలబడిందని ఎవరికీ తెలియదు. ఉంచేదీ తీసేసేదీ తర్వాత చెబుతామని పైవాళ్ళు వెళ్ళిపోయారు.

ముందే చెప్పేస్తాను. ఉద్యోగం ఉంచారు. పర్మినెంట్ చెయ్యలేదు, ట్రయల్ పొడిగించారు. దొరికిన ప్రతి తప్పునీ, ఎవరున్నా సరే, అందరూ చూసేచోటే రాయాలని గట్టిగా చెప్పారు. ఇప్పుడు రాస్తోంది. రాసిన ప్రతిసారీ ఎవరినో బజార్లో నిలబెట్టి తిట్టినట్టుంటుందట, ఆ బటన్ నొక్కేముందు చెయ్యి వెనక్కి తీస్తుందట, మళ్ళీ నొక్కుతుందట. అలవాటవుతుందన్నాను. అవుతుందో లేదో నాకేం తెలుసు, నేను క్యాష్ మనిషిని.

కానీ ఆ సోమవారం సాయంత్రం నాకు ఫోన్ చేసి ఫ్లోరా చెప్పింది ఇవేవీ కాదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పటికింకా తేలనే లేదు. ఆవిడ చెప్పింది, పైవాళ్ళు వెళ్ళిపోయాక ఏం జరిగిందో. ఆ రోజు సాయిశంకర్ వెళ్ళలేదు. రెండు గళ్ళు మిగిలాయి.

"మీకు ముందే తెలుసా ఫ్లోరా గారూ?" అని అడిగాడట.

"తెలుసు సార్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అందరూ ఉన్నారు సార్. మీరు ఒక్కరే ఉన్నప్పుడు చెబుదామని చూశాను."

వెళ్ళిపోయాడేమో అనుకుందట. గడి అక్కడే ఉంది. చాలాసేపటికి ఆ గడి చుట్టూ వెలుగు వచ్చింది.

"నాను ఎప్పుడూ ఒక్కడినే కదండీ ఉంటాను," అన్నాడట.

అప్పటిదాకా పుస్తకం చదివినట్టు మాట్లాడిన మనిషి నోట మన యాస. హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులో ఎక్కడో ఉంటాడని ఈవిడ ఊహ. మెల్లగా అడిగితే చెప్పాడట. ఊరు చీపురుపల్లి అవతల, ఉండేది మన ఊళ్ళోనే, మద్దిలపాలెంలో, బస్ డిపో వెనక ఒక అద్దె గది. బీటెక్ చదివి, ఉద్యోగం వచ్చి, ఇక్కడి ఆఫీసు మూసేసి ఇంటినుంచి చెయ్యమన్నాక అదే గదిలో ఉండిపోయాడు. ఈ కాల్స్ అయ్యాక ఇక పలకరించేది కింద టీకొట్టు ఆయనే. ఆదివారం ఆ కొట్టు ఉండదు.

సార్ అన్న మనిషిని ఊరుకోబెట్టడం ఎలాగో ఫ్లోరాకి ఎవరూ నేర్పలేదు.

"భోంచేసారా సార్?" అని అడిగిందట.

"లేదండి."

అప్పటికి మూడు దాటింది. "నాను కూడా తిన్లేదండి," అందట. ఐతే ఎల్లి తినండి అని అతను, ముందు మీరు తినండి అని ఈవిడ. ముందు ఎవరు వెళ్ళాలో తేలక ఇద్దరూ ఆకలితో అలాగే కూర్చుండిపోయారట.